నేల కింది నేల

పుకామాయు ఊరి కొలిసెయో తాళంచెవి సబీనా మెడలో నల్లతాడుకి వేలాడుతూ ఉంటుంది. నిద్రలో కూడా తియ్యదు. మొగుడు సెనోన్ చనిపోయిన ఏడాది కార్మిక సంఘం వాళ్ళు ఆ తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, మెట్ల వరసల కింద ఉన్న చిన్న గది ఉండటానికి ఇచ్చారు. అప్పటి నుంచి ఆ రేకుల కప్పు కింద ఎవరు ఆడాలో, ఎవరు పాడాలో, ఎవరు ఏ రోజున పెళ్ళి చేసుకోవాలో అన్నీ ఆమె చెప్పినట్టే జరుగుతున్నాయి. మేయర్లు వస్తుంటారు, పోతుంటారు. సబీనా చేత ఔననిపించిన మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు.

పేరుకి అది ఆటల మందిరమే. కానీ ఒక్క ఆటలే జరిగి ఉంటే ఆ ఊరు దాన్ని అంతగా పట్టించుకునేది కాదేమో. తగరం గని బాగా నడిచే రోజుల్లో కార్మికులు ఆదివారం సెలవు మానుకుని దాన్ని కట్టారు. రాళ్ళు కొండ మీద నుంచి వచ్చాయి, రేకులు కంపెనీ పాత గోదాము నుంచి వచ్చాయి. ఆ రేకులు అడిగి తెచ్చారా, అడక్కుండానే తెచ్చారా అన్నది ఈ రోజుకీ తేలలేదు. ఇసుక మాత్రం ఏటి నుంచి ఆడవాళ్ళు వీపున దుప్పట్లలో కట్టుకుని మోశారు. కట్టినవాళ్ళ పేర్లు చెప్పుకునేటప్పుడు ఆ ఆడవాళ్ళ పేర్లు ఎవరూ చెప్పరు. వాళ్ళూ అడగరు.

కట్టిన ఏడాదే సమ్మె వచ్చింది. కార్మికులు పెళ్ళాం పిల్లలతో సహా అక్కడే పడుకుని ఒకే డేగిసాలో చారు కాచుకున్నారు. ఆ తర్వాత గురువారాలు ఉన్ని సంత, ఎన్నికలొస్తే ఓట్లు, పిల్లలకి టీకాలు, కార్నివాల్ పండగ ముందు బాజా బృందాల సాధన అన్నీ అందులోనే. పెళ్ళిళ్ళు కూడా అక్కడే, ఎందుకంటే బయట ఆ గాలికి పెళ్ళికూతురి టోపీ పక్క ఊళ్ళో తేలుతుంది. కుచ్చుల పావడాల ఆడవాళ్ళ కుస్తీ పోటీలు వచ్చినప్పుడు ఫాదర్ గారు కూడా ముందు వరసలో చోటు చూసుకునేవారు. గని మూతపడ్డప్పుడు, ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు మంచాలూ గిన్నెలూ తెచ్చి అక్కడే గుట్టలు పోశారు. లారీలు వచ్చి ఎక్కించుకుపోయాయి. మిగిలినవాళ్ళు ఖాళీ మందిరంలోకి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, చీకటి పడేదాకా బంతి ఆడారు.

ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొలిసెయో కట్టినవాళ్ళలో ఎవరు పోయినా శవపేటిక ఇంటి నుంచి నేరుగా శ్మశానానికి వెళ్ళదు. ఆట స్థలం నడిమధ్యన, గుండ్రటి గీత లోపల, ఒక పూట ఉంచుతారు. ఎవరూ అనుమతి అడగరు, తలుపు తెరిచి ఉండాలి అంతే. ఆ గుండ్రం కింద, పునాది నాడు, ఉన్ని కోసం పెంచే లామా పిల్లని, పుట్టకుండానే పోయినదాన్ని, పాతి నేలతల్లి పచమామకి మొక్కు చెల్లించారు. ఏటా కార్నివాల్ మంగళవారం ఊరంతా ఇళ్ళకీ, దుకాణాలకీ, లారీలకీ సాక పోసుకునేటప్పుడు, కొలిసెయోలో మొదటి సాక అక్కడే పడుతుంది. పోసి పోసి సిమెంటు మీద ఆ చోట పెద్ద నల్ల మచ్చ ఏర్పడింది. సబీనా ఎంత రుద్దినా పోలేదు, పోవాలని ఆమె అనుకోనూ లేదు.

ఆ సాక పోసేది ఫోర్తునాతో అనే ముసలి గని కార్మికుడు. సెనోనూ ఆయనా కలిసే ఆ సిమెంటు నేల పోశారు. తక్కినవాళ్ళంతా ఒక్కొక్కరే ఆ గుండ్రంలో ఒక పూట పడుకుని వెళ్ళిపోగా, కట్టినవాళ్ళలో ఆఖరివాడని ఊరు ఆయన్ని గౌరవంగా చూసేది. రోజూ పొద్దున్నే వచ్చి మూడో వరసలో కూర్చునేవాడు. కోకా ఆకులు బుగ్గన పెట్టుకుని, గని దుమ్ము నిండిన ఊపిరితిత్తులతో దగ్గుతూ, సబీనా చీపురు పట్టే తీరుకి వంకలు పెట్టేవాడు. ఆమె ఊరుకునే రకం కాదు. ఒకరినొకరు కాసేపు తిట్టుకోకపోతే ఇద్దరికీ పొద్దుపోయేది కాదు.

ఇలా ఉండగా చెక్క నేల వచ్చింది.

ఆ ఊరి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు గట్టిది. కానీ సిమెంటు మీద ఆట పెట్టడానికి పోటీలు నడిపే లీగ్ ఒప్పుకోదు. సొంత ఊళ్ళో ఆడాల్సిన ఆటలకి కూడా పిల్లలు బస్సెక్కి, రాత్రంతా కొండలు దిగి, పొద్దున్నే వాపు కాళ్ళతో ఆడేవారు. నగరంలో ఒక పెద్ద మందిరం వాళ్ళు కొత్త నేల వేసుకుంటూ పాతది వీళ్ళకి ఇచ్చేశారు. లారీల్లో పలకలు పలకలుగా దిగింది. పనివాళ్ళు ఎదుటి గోడ దగ్గర మొదలుపెట్టి, కింద సన్న బద్దెలు పరిచి, ఒక పలకని ఇంకో పలకకి మేకులతో బిగిస్తూ గుమ్మం దాకా వచ్చారు. మొదట్లో సబీనా మూతి ముడుచుకునే చూసింది. చెక్క మీద నడుస్తుంటే ఎవరి శవపేటిక మీదో నడిచినట్టుందని కూడా అంది. తర్వాత ఒక ఉదయం కప్పులోని కిటికీ నుంచి ఎండ పడి నేలంతా తేనె రంగులో మెరిసింది. ఆమె చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అంతే, ఇక ఊరికి కష్టాలు మొదలయ్యాయి. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాలి. ఉన్ని సంత వీధిలోకి పోయింది, పెళ్ళిళ్ళు బడి ఆవరణలోకి పోయాయి, బాజా వాళ్ళు గాలికి వణుకుతూ చర్చి వెనక వాయించుకున్నారు. ఫాదర్ గారు బూట్లతో ఒక్క అడుగు వేసినందుకు సబీనా ఒంటికాలి మీద లేచింది. ఆడవాళ్ళు వెనకాల గొణుక్కున్నారు గానీ ముందుకొచ్చి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కార్నివాల్ మంగళవారం ఫోర్తునాతో మెడలో రంగు కాగితాల దండలు వేసుకుని, చేతిలో సారా సీసాతో, వెనక బాజా బృందంతో వచ్చాడు. చెప్పులు బుద్ధిగానే విప్పాడు. తిన్నగా నడిమి గుండ్రం దగ్గరికి వెళ్ళి సీసా మూత మీద చెయ్యి వేశాడు. సబీనా అడ్డం వచ్చి నిలబడింది.

"అన్నా, ఇక్కడొద్దు. చెక్క ఉబ్బిపోతుంది. గుమ్మం బయట పొయ్యి."

"గుమ్మానికి దాహమేంటే పిచ్చిదానా. దాహం ఇక్కడుంది."

"చెక్కకా దాహం?"

"చెక్కకి కాదు. దాని కిందున్న ఆవిడకి."

జనం నవ్వారు. ఆ నవ్వు సబీనాకి మండింది. ఆమె చెయ్యి చాచి ఆయన చేతిలోంచి సీసా లాక్కుంది. బాజా ఆగిపోయింది. ఫోర్తునాతో ఖాళీ చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత మెడలో దండలు ఒక్కొక్కటే తీసి మూడో వరసలో తన చోట పెట్టాడు. నువ్వూ నీ చెక్కా సుఖంగా ఉండండి చెల్లెమ్మా, నేనింక ఈ నేల మీద అడుగు పెట్టను అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన గట్టిగా అరిచి ఉంటే సబీనాకి కొంత బాగుండేది.

రెండు రోజులు పోతే ఆయనే వస్తాడనుకుంది. రాలేదు. సీసాని మూత తియ్యకుండానే మంచం కింద పెట్టింది. రోజూ ఊడ్చేటప్పుడు అది కంటపడేది, చూపు తిప్పుకునేది. పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి వీధి చివరిదాకా చూసేది. వెళ్ళి ఒక్క మాట అంటే సరిపోతుందని ఆమెకి తెలుసు. కానీ ఆ వీధి మలుపు దాకా వెళ్ళేసరికి కాళ్ళు వెనక్కి తిరిగేవి. తప్పు తనదేనని తెలిసిన కొద్దీ ఇంకా వెళ్ళలేకపోయింది. మూడో వరస మీద చీపురు వేసేటప్పుడు తిట్టేవాళ్ళు లేక ఆ మందిరం ఆమెకి బావురుమన్నట్టుండేది.

చలికాలం వచ్చింది. లీగ్ వాళ్ళు నేల చూసి రమ్మని ఒక ఆదివారం తమ మనిషిని పంపుతామన్నారు, బాగుంటే ఆ రోజే మొదటి ఆట. ఊరంతా ఆ ఆదివారం కోసం ఎదురుచూస్తోంది. దానికి ముందు గురువారం పొద్దున చర్చి గంట మోగింది. ఫోర్తునాతో పోయాడు.

సబీనా తలుపులు రెండూ బార్లా తెరిచి, గుమ్మంలో రాయి అడ్డం పెట్టి, లోపలికి వెళ్ళి నడిమి గుండ్రం దగ్గర నిలబడింది. ఈ చెక్క మీద కొవ్వొత్తులు, సారా, ఊరి జనం బూట్లు... పోతే పోనీ అనుకుంది. మధ్యాహ్నం ఫోర్తునాతో కూతురు బెనీటా వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అత్తా, తలుపు తెరిచి పెట్టక్కర్లేదు. రేపు ఇటు రావటం లేదు. వెనక వీధిలోంచి వెళ్తాం."

"ఎవరన్నారే ఆ మాట?"

"నాన్నే. అది మేం పోసిన నేల కాదు, నన్ను అరువు నేల మీద పెట్టకండి అన్నాడు."

బెనీటా గొంతులో కోపం లేదు. తండ్రి చెప్పింది చెప్పి, చలికి దుప్పటి దగ్గరగా లాక్కుని వెళ్ళిపోయింది. సబీనా వచ్చి మూడో వరసలో, ఫోర్తునాతో చోటు పక్కన, కూలబడింది. తలుపు తెరిస్తే సరిపోతుందనుకుంది ఇంతసేపూ. కట్టినవాళ్ళ ప్రతి పేటికా ఇక్కడ ఆగింది. ఈ నేల పోసిన మనిషి ఒక్కడే దొంగలా వెనక వీధిలోంచి వెళ్తాడు, అదీ తన మూలంగా. ఆమె కళ్ళ ముందు చెక్క ఎప్పటిలాగే మెరుస్తోంది. మొదటిసారి దాని మెరుపు ఆమెకి నచ్చలేదు.

అలా చూస్తూ ఉండగా పలకలు వేసిన రోజులు గుర్తొచ్చాయి. ఎదుటి గోడ నుంచి గుమ్మం దాకా వేశారు. అంటే గుమ్మం దగ్గరి వరస ఆఖరిది. దాన్ని విప్పితే దాని వెనకది వస్తుంది, దాని తర్వాత ఇంకోటి. నడిమి గుండ్రం చేరాలంటే సగం నేల ఎత్తాలి. ఆదివారం లోపల అదంతా మళ్ళీ పెట్టాలి.

సాయంత్రం జట్టు సాధనకి వచ్చింది. జట్టు నాయకురాలు యోవానా బడిలో పంతులమ్మ. పొడుగ్గా ఉంటుంది, మాట కరుకు. సబీనా సగం నేల ఎత్తుదామనేసరికి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అత్తా, ఆదివారం లీగ్ ఆయన వస్తున్నాడు. ఒక్క పలక సరిగ్గా కూర్చోకపోతే మేం మళ్ళీ బస్సెక్కాల్సిందే."

"తెలుసు."

"చెప్పులేసుకుని తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నావు. ఇప్పుడు నువ్వే పీకేద్దామంటున్నావు."

"పీకటం కాదే. ఎత్తి, మళ్ళీ పెడదాం."

యోవానా పంట్లాం పైకి మడిచి మోకాళ్ళు చూపించింది. రెండిటి మీదా తెల్లటి మచ్చలు. ఇవి మీ సిమెంటు ఇచ్చినవే, దాన్ని మళ్ళీ చూడాలని నాకేం సరదా లేదు అంది. సబీనా ఆ మోకాళ్ళ వంక చూసింది. చిన్నప్పుడు వాటికి కట్లు కట్టింది ఆమే.

"ఆ సిమెంటు మీదే నువ్వు బంతి పట్టటం నేర్చుకున్నావు. పడ్డప్పుడల్లా మూడో వరసలోంచి లేవవే లేవవే అని అరిచింది ఆయనే. నేను ఊరందరి ముందు ఆయన చేతిలోంచి సీసా లాక్కున్నాను. రేపు ఆయన వెనక వీధిలోంచి వెళ్తే, ఆదివారం నువ్వెన్ని బుట్టలు వేసినా నేను తలెత్తి చూడలేను యోవానా."

సబీనా ఇంతకు ముందు ఎవరినీ దేనికీ బతిమాలినట్టు ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. యోవానా బంతి పక్కన పెట్టి గుమ్మం దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, ఆఖరి వరస మేకులు ఎక్కడున్నాయో చేత్తో తడిమి చూసింది. "చెప్పులు విప్పే చెయ్యాలా, వేసుకునా?" అని అడిగింది. సబీనాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు తెల్లారగానే మొదలుపెట్టారు. ఆఖరి వరస మొండికేసింది, వంటింటి కత్తి వంగింది, తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్క పలక వదులయ్యాక తక్కినవి మాట విన్నాయి. ఏ పలక ఎక్కడిదో యోవానా సుద్దముక్కతో వెనక రాస్తుంటే, పిల్లలు ఇద్దరిద్దరు మోసుకెళ్ళి గోడకి ఆనించారు. వరస వెంట వరస చెక్క తగ్గుతూ, బూడిద రంగు సిమెంటు బయటపడుతూ వచ్చింది. మాసిపోయిన పాత గీతలు, చిన్న చిన్న పగుళ్ళు, ఎప్పటివో రంగు కాగితం ముక్కలు. గుండ్రం మీది పలకలు ఎత్తేసరికి నల్ల మచ్చ కనిపించింది. పిల్లలు దాన్ని తొక్కకుండా పక్కకి జరిగారు.

సబీనా అప్పుడు బయల్దేరింది. నెలల తరబడి ఏ మలుపు దగ్గర కాళ్ళు తిరిగిపోయాయో ఆ మలుపు దాటి ఫోర్తునాతో ఇంటికి వెళ్ళింది. పేటిక ముందు నిలబడలేక, గుమ్మంలోంచే బెనీటాని పిలిచింది. వచ్చి చూడు, చూశాక ఎటు తీసుకెళ్తావో నీ ఇష్టం అంది. బెనీటా వెంట వచ్చింది. గుమ్మంలో ఆగి, చెక్క లేని సగాన్ని చూసి, నడిమి దాకా నడిచి, కిందికి వంగి ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించింది. లేచి, దుప్పటి సర్దుకుని ఇంటికి వెళ్ళింది.

మధ్యాహ్నం బాజా వినిపించింది. వెనక వీధి నుంచి కాదు, పెద్ద వీధి నుంచి.

పేటికని గుండ్రంలో దింపారు. ఊరు ఊరంతా చెప్పులతోనే లోపలికి నడిచి వచ్చింది, ఆ చప్పుడు సబీనాకి ఎన్నాళ్ళకో విన్నట్టనిపించింది. ముసలమ్మలు ఉన్ని మూటలు పరుచుకుని కూర్చున్నారు. కోకా ఆకులు చేతులు మారాయి. ఎండబెట్టిన బంగాళాదుంపల చారు డేగిసాలోంచి పొగలు కక్కుతోంది. ఫాదర్ గారు తన బూట్ల వంక ఒకసారి, సబీనా వంక ఒకసారి చూసి నిశ్చింతగా ముందుకొచ్చారు. ఎత్తని సగంలో చెక్క దూరంగా, శుభ్రంగా మెరుస్తోంది. దాని మీదికి ఎవరూ వెళ్ళలేదు.

సబీనా గదిలోకి వెళ్ళి మంచం కింది సీసా తెచ్చింది. పేటిక పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఇదిగో అన్నా నీ సీసా. మూత కూడా తియ్యలేదు. లాక్కోవటం తప్పే. రాకపోవటం ఇంకా పెద్ద తప్పు."

మూత తీసి నల్ల మచ్చ మీద సాక పోసింది. కరువుదీరా పోసింది. సిమెంటు మెల్లగా పీల్చుకుంటుంటే, ఆ వాసనకి ఆమెకి సెనోన్ గుర్తొచ్చాడు, సమ్మె రోజులు గుర్తొచ్చాయి, పొద్దుటి తిట్లు గుర్తొచ్చాయి. తర్వాత ఒక గుక్క తను తాగి, సీసా బెనీటాకి అందించి, దుప్పటి అంచుతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఆమె ఏడవటం చూసి కొందరు తలలు తిప్పుకున్నారు.

బెనీటా వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తా, నాన్నని అందరూ కట్టినవాళ్ళలో ఆఖరివాడు అనేవారు కదా. ఆ మాటంటే ఆయనకి చిరాకు. నీ మీద అలిగి మంచాన పడ్డాక కూడా, ఎవరన్నా ఆ మాటంటే ఊరుకునేవాడు కాదు."

"ఏమనేవాడు?"

"నేను ఆఖరివాణ్ణెలా అవుతాను, ఏట్లోంచి ఇసుక మోసిన సబీనా ఇంకా ఉందిగా అనేవాడు."

వీపున తడి ఇసుక బరువు, దుప్పటి ముడి భుజం కోసిన చోటు, ఏటి నుంచి పైదాకా ఆ ఎగుడు దారి, అన్నీ ఒక్కసారి సబీనా ఒంట్లోకి వచ్చాయి. ఇన్నేళ్ళలో తను కూడా కట్టినదాన్నని ఆమె ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆయన అనుకున్నాడు. కోపంలో కూడా ఆ లెక్క తప్పలేదు.

శనివారం పొద్దున్నే ఫోర్తునాతోని సాగనంపి వచ్చి, పిల్లలు నేల ఊడ్చి, తుడిచి, పలకలు పెట్టటం మొదలుపెట్టారు. గుండ్రం దగ్గరికి వచ్చేసరికి మచ్చ ఇంకా తడిగానే ఉంది. యోవానా గుడ్డ తీసుకుని వంగితే సబీనా చెయ్యి పట్టుకుని ఆపింది. వదిలెయ్, కింద గాలి ఆడుతుందిలే, ఆవిడని తాగనీ అంది. పలకలు ఒక్కొక్కటే చప్పుడు చేస్తూ తమ తమ చోట్ల కూర్చున్నాయి. గుమ్మం దగ్గర ఆఖరి మేకు బిగించేసరికి పొద్దు వాలింది.

ఆదివారం లీగ్ ఆయన వచ్చాడు. బంతి నాలుగు మూలలా కొట్టి చూశాడు, మోకాళ్ళ మీద వంగి అతుకులు చూశాడు. నడిమి గుండ్రంలో ఆగి ముక్కు ఎగబీల్చాడు. ఏదో సారా వాసన వస్తోందే అన్నాడు. కొత్త రకం పాలిష్ అంది సబీనా, కళ్ళు కూడా ఆర్పకుండా. ఆయన ఇంకోసారి వాసన చూసి, తల ఊపి, ఆట మొదలుపెట్టుకోమన్నాడు.

సబీనా ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి ఆట చూసేది. ఆ రోజు మాత్రం వెళ్ళి మూడో వరసలో, ఫోర్తునాతో చోట్లో కూర్చుంది. జట్టుతో ఆటకి దిగబోతూ యోవానా అటు వచ్చింది.

"అత్తా, పలకలు తీయటం పెట్టటం నేర్చేసుకున్నాం. కార్నివాల్‌కి మళ్ళీ తీస్తాం, సాక మానొద్దు."

"మంచిది."

"ఆ తర్వాత ఇంకోసారి కూడా తీస్తాం."

"ఇంకోసారి ఎవరికే? కట్టినవాళ్ళు ఇంకెవరున్నారని?"

యోవానా ఆమె వంకే చూస్తూ నిలబడింది. సబీనాకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, మెడలో తాళంచెవి గట్టిగా పట్టుకుంది.

"తొందరేం లేదులే. ముందు పోయి ఆట గెలిచిరా."

యోవానా నవ్వుతూ నడిమి గుండ్రంలోకి వెళ్ళింది. బంతి పైకి లేచింది.